గో-లైవ్ ముహూర్తం

పాత కంప్యూటర్ సిస్టమ్‌ని ఎలా మార్చాలి అని ఈ రోజుల్లో ఎవరూ అడగడం లేదు. ఎప్పుడు అనే ఒక్క ముక్కే అడుగుతున్నారు. దానికి జవాబు ఇంజినీరు చెప్పడు. ఫైనాన్స్ వాళ్ళు ఏప్రిల్ ఒకటి అంటారు, లెక్కలు కొత్తగా తెరవచ్చని. పబ్లిసిటీ వాళ్ళు కంపెనీ పుట్టినరోజు అంటారు. పాత వెండర్ కాంట్రాక్టు జూన్ ముప్పైతో సరి, ఒక్కరోజు దాటినా రెన్యువల్ కట్టాలి అని లీగల్ వాళ్ళు భయపెడతారు. ప్రభుత్వ శాఖ అయితే ఈ చర్చ కూడా ఉండదు. మంత్రిగారికి పందొమ్మిదో తారీకు పొద్దున పదిన్నరకు ఖాళీ ఉంది, అంతే. ఇలా ముహూర్తం పెట్టి, శుభలేఖలు అచ్చేసి, బ్యాండుమేళానికి అడ్వాన్సు ఇచ్చాక, ఇంతకీ పెళ్ళికూతురు ఎవరు, పిల్లకి ఇష్టమేనా అని కనుక్కు రావడానికి ఒక ప్రాజెక్ట్ మేనేజర్‌ని వేస్తారు.

ఈ విద్యకు పరిశ్రమలో గౌరవప్రదమైన పేరుంది: రైట్-టు-లెఫ్ట్ ప్లానింగ్. క్యాలెండర్‌లో కుడి చివర గో-లైవ్, అంటే కొత్తది మొదలయ్యే, తేదీకి సున్నా చుట్టి, అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి. టెస్టింగ్‌కు ఆరు వారాలు కావాలా? మిగిలినవి రెండే కాబట్టి రెండే చాలు. పాత డేటా సరిచూడ్డానికి మూడు నెలలా? అది గో-లైవ్ తర్వాత హైపర్‌కేర్‌లో చూద్దాం. హైపర్‌కేర్ అంటే ఏమిటో తెలియని అదృష్టవంతులకు చెప్తున్నాను. అన్నీ ఆగిపోయాక ఒక గదికి వార్ రూమ్ అని కాయితం అంటించి, ఇరవైమందిని లోపల పెట్టి, రాత్రి పదికి బిర్యానీ పొట్లాలు పంపడం.

ఈ పద్ధతి మన దగ్గరే ఉందనుకుంటే తెల్లవాళ్ళని అవమానించినట్టే. బ్రిటన్‌లో టీఎస్‌బీ అని ఒక బ్యాంకు. లాయిడ్స్ నుంచి విడిపోయినా కంప్యూటర్లు మాత్రం లాయిడ్స్‌వే వాడుకుంటూ అద్దె కడుతుండేది. 2015లో స్పెయిన్‌కు చెందిన సబాదెల్ బ్యాంకు దాన్ని కొని, అద్దె దండగ, మా ఇంట్లోకి వచ్చెయ్యమంది. ఇల్లు కట్టే పని సబాదెల్ సొంత ఐటీ సంస్థ సాబిస్‌ది. సాబిస్ కింద మరో 85 సంస్థలు. వాటిలో ఎవరు ఏ ఇటుక పెడుతున్నారో టీఎస్‌బీకి సరిగ్గా తెలియదు. 2018 ఏప్రిల్ 20 శుక్రవారం సాయంత్రం పాతది మూసేసి, ఆదివారం సాయంత్రానికి కొత్తది తెరిచారు. యాభై లక్షల పైచిలుకు ఖాతాదారుల్ని ఒక్క వారాంతంలో లారీ ఎక్కించారన్నమాట. 19 లక్షల మంది వరకు తమ ఖాతాలోకి తామే వెళ్ళలేకపోయారు. ఇంకొందరికి తమది కాకుండా పరాయివాళ్ళ ఖాతా కనబడింది. పరిస్థితి మామూలుకొచ్చేసరికి డిసెంబర్ అయింది.

టెస్ట్ చేయలేదా అంటే, చేశారు మహాప్రభో. రెండు డేటా సెంటర్లు కలిసి మోయాల్సిన భారాన్ని పరీక్షించడానికి ఒక్క డేటా సెంటర్ మీద లోడ్ టెస్ట్ చేశారు. రెండోది కూడా మొదటిదాని లాగే ఉంటుందిలెమ్మని వదిలేశారు. రిపోర్టులో పచ్చ రంగు పడింది. ముహూర్తానికి పచ్చ రంగు కావాలి. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికి కావాలి? ఈ గొడవ వల్ల ఆ ఏడాది బ్యాంకుకు పడిన ఖర్చు 33 కోట్ల పౌండ్లు. 80,000 మంది ఖాతాదారులు దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. సెప్టెంబర్‌లో సీఈఓ వెళ్ళిపోయాడు. 2022 డిసెంబర్‌లో నియంత్రణ సంస్థలు రెండూ కలిసి 4 కోట్ల 86 లక్షల పౌండ్ల పైన జరిమానా వేశాయి. మరుసటేడు ఐటీ అధిపతికి విడిగా 81,620 పౌండ్లు. జేబులోంచి కట్టాల్సిన జరిమానా ఒక ఐటీ పెద్దమనిషికి పడటం ఈ పరిశ్రమలో చాలా అరుదు. ఆ వార్త ప్రతి స్టీరింగ్ కమిటీ గదిలోనూ ఫ్రేము కట్టించి పెట్టాల్సినంత అరుదు.

తేదీ పిచ్చి ఒక జబ్బు. దానికంటే ముదిరినది ఇంకోటుంది. పాత సిస్టమ్ అంటే ఏమిటో మార్చడానికొచ్చినవాళ్ళకు తెలియకపోవడం. వాళ్ళ కంటికి కనబడేది నల్ల స్క్రీన్, పచ్చ అక్షరాలు, మౌస్ లేని బతుకు. వాళ్ళ స్లైడులో ఎడమవైపు గజిబిజి గీతలు, కుడివైపు తెల్లటి మబ్బు. మబ్బు మీద మూడు డబ్బాలు. ఆ గీతల్లో ఏ ఒక్కటి చెరిపినా ఎవరి జీతం ఆగుతుందో స్లైడులో ఉండదు.

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టు, పేరెందుకులెండి. తొంభైల్లో ఎవరో ఫాక్స్‌ప్రోలో రాసిచ్చిన బిల్లింగ్ ప్రోగ్రాం. కీబోర్డు మీద సగం అక్షరాలు అరిగిపోయి ఉంటాయి, గుమాస్తాకు వాటితో పని లేదు. రైతు పేరు, ఊరు, టిక్కీలు, అంటే బస్తాలు, ఎన్ని, కాటా తూకం, రేటు. ఎంటర్, ఎంటర్, ఎంటర్, ఎఫ్2. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు కర్రుమని అరిచి కార్బన్ కాపీతో సహా తక్‌పట్టీ బయటికి తోస్తుంది. రైతు చేతిలో టీ గ్లాసు ఇంకా వేడిగానే ఉంటుంది. ఓనరుగారి అబ్బాయి డాలస్‌లో ఎమ్మెస్ చేసొచ్చి ఇది చూసి సిగ్గుపడ్డాడు. క్లౌడ్ ఈఆర్‌పీ పెట్టాల్సిందే అన్నాడు. మాదాపూర్ నుంచి ఒక కుర్ర కన్సల్టెంట్ ల్యాప్‌టాప్‌తో దిగి, రిక్వైర్‌మెంట్స్ సేకరించడానికి గుమాస్తా పక్కన స్టూలు లాక్కున్నాడు.

"తరుగు అంటే డిస్కౌంటా సర్?"

"డిస్కౌంట్ కాదు అబ్బాయ్. తరుగు."

"అంటే వేస్టేజా?"

"వేస్టేజీ అయితే పారేస్తాం కదా. దీన్ని పారెయ్యం. తూకంలోంచి తీస్తాం."

"ఎంత పర్సెంట్?"

"పర్సెంట్ ఏమిటయ్యా! టిక్కీకి ఇంతని. తేమ ఉంటే ఇంకొంచెం. తాలు కాయకి వేరే లెక్క. కోల్డ్ స్టోరేజీలోంచి తీసిన సరుకైతే మళ్ళీ వేరే."

"ఈ రూల్స్ ఎక్కడైనా రాసి ఉన్నాయా సర్?"

"ఎందుకు లేవూ, అందులో ఉన్నాయిగా" అని గుమాస్తా నల్ల స్క్రీన్ వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

కుర్రాడు కాసేపు ఆలోచించి, తన ఫైల్‌లో 'ఇతరములు' అని ఒక గడి పెట్టుకున్నాడు. తరుగు అందులోకి పోయింది. మచ్చు అందులోకి పోయింది. హమాలీ కూడా పోయేదే గాని దానికెక్కడో 'లేబర్' అని ఒక గడి దొరికింది. గో-లైవ్ నాడు మొదటి రైతు చేతికి బిల్లు ఏ4 కాగితం మీద రంగుల్లో, కంపెనీ లోగోతో, క్యూఆర్ కోడ్‌తో ధగధగలాడుతూ వచ్చింది. లెక్క మాత్రం తప్పొచ్చింది. మధ్యాహ్నానికి గుమాస్తా పాత కంప్యూటర్ మీది గుడ్డ తీశాడు. (అసలు ఆ తరుగు న్యాయమా అన్నది వేరే రచ్చ. రైతులు ఏళ్ళ తరబడి అడుగుతున్నారు, అడగాల్సిందే. కానీ దాన్ని తెంచాల్సింది యార్డులో. 'ఇతరములు' గడిలో దాచి కాదు.)

గుంటూరు కొట్టు గనక మధ్యాహ్నానికి తేరుకుంది. ఇదే సంగతి ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్ర ఆరోగ్యశాఖలో జరిగింది. నర్సులు, డాక్టర్లు, వార్డుల్లో ఊడ్చేవాళ్ళు కలిపి 80,000 మంది దాకా ఉద్యోగులు. లాటిస్ అనే పాత జీతాల సిస్టమ్ తీసేసి 2010 మార్చిలో కొత్తది తెచ్చారు. అక్కడి తరుగు లెక్క చూడండి. 13 వేతన అవార్డులు, వాటికి తోడు రకరకాల ఒప్పందాలు, 200కు పైగా అలవెన్సులు, అన్నీ కలిస్తే 24,000 పైచిలుకు జీతపు కలయికలు. రాత్రి డ్యూటీ నర్సు ఆదివారం పండగనాడు వేరే ఆసుపత్రికి బదులుగా వెళ్తే ఎంత అన్నది ఎవరో ఒకప్పుడు యూనియన్‌తో బల్లగుద్ది తేల్చుకున్న సంగతి. అది పాత ప్రోగ్రాంలో ఉంది. దాన్ని స్లైడులో గజిబిజి అన్నారు. కొత్తది మొదలుపెట్టాక కొందరికి జీతం ఎక్కువొచ్చింది, కొందరికి తక్కువొచ్చింది, కొందరికి అసలు రాలేదు. ఎక్కువొచ్చినవాళ్ళ వెంట ఆ తర్వాత ప్రభుత్వమే వసూలుకు పడింది.

కొత్త సిస్టమ్ కట్టిన ఐబీఎంతో మొదట అనుకున్న కాంట్రాక్టు 62 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు. అన్నీ సరిదిద్దుకుని బయటపడేసరికి ఖజానా మీద పడే భారం 120 కోట్ల డాలర్లని లెక్క తేలింది. అంకెలు తప్పు చదివానేమోనని మళ్ళీ చూసుకోనక్కర్లేదు, మొదటిది లక్షల్లో, రెండోది కోట్లలోనే. 2013లో రిచర్డ్ చెస్టర్‌మన్ విచారణ కమిషన్, దేశ పాలనా చరిత్రలోని వైఫల్యాల్లో దీన్ని మొదటి వరసలో కూర్చోబెట్టింది. ప్రభుత్వం కోపంగా కోర్టుకెక్కింది. తీరా చూస్తే, ఐబీఎం మీద క్లెయిమ్ వదులుకుంటున్నామని 2010లోనే సంతకం చేసిచ్చి ఉంది. కేసు పోయింది. సంతకాల విషయంలో మాత్రం ఈ ప్రాజెక్టులన్నీ గడువులోపే పూర్తవుతాయి.

కెనడా వాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. అక్కడ గుమాస్తానే తీసేశారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల జీతాలు చూసే 1,200 మంది సలహాదారులు వేర్వేరు శాఖల్లో ఉండేవారు. వాళ్ళ స్థానంలో న్యూ బ్రన్‌స్విక్‌లో మిరామిషి అనే ఊళ్ళో 550 మందిని, అనుభవం తక్కువైనవాళ్ళని, కూర్చోబెట్టి, ఏడాదికి 7 కోట్ల డాలర్లు ఆదా అని రాసుకున్నారు. 2016 ఫిబ్రవరిలో ఫీనిక్స్ అనే సిస్టమ్ మొదలైంది. బడ్జెట్ సరిపోక, ఆ సిస్టమ్ చేయాల్సిన 984 పనుల్లో వందకు పైగా పనుల్ని ముందే తీసేశారు లేదా వాయిదా వేశారు. అలా పోయినవాటిలో ఒకటి, వెనకటి తేదీ నుంచి పెరిగిన జీతం లెక్కగట్టి ఇవ్వడం. ఏరియర్స్ లెక్కగట్టడం రాని ప్రభుత్వ జీతాల సిస్టమ్! మన ఎన్జీవో సంఘం నాయకుణ్ణి ఒక్కణ్ణి ఒట్టావాకు విమానం టికెట్ కొనిచ్చి పంపినా సరిపోయేది, మొదటి మీటింగులోనే బల్ల ఎత్తి అవతల పడేసేవాడు. పైలట్ ప్రయోగం అనుకున్నారు, అదీ రద్దు చేశారు. ఫలితం తెలిసిందే. జీతాలందక ఇళ్ళ వాయిదాలు కట్టుకోలేని ఉద్యోగులు, సరిదిద్దడానికి వంద కోట్ల డాలర్లు ఎప్పుడో దాటిన ఖర్చు. 2018లో ఆడిటర్ జనరల్ ఇది తన బుర్రకు అందని వైఫల్యమని రాశాడు. పాపం, అందకపోవడానికి ఏముంది? తెలిసినవాళ్ళని పంపేసి, తెలియనివాళ్ళకి ఇచ్చి, వంద పనులు కోసి, తేదీ మాత్రం కదపలేదు. ఫీనిక్స్ పక్షి బూడిదలోంచి లేస్తుందంటారు. వీళ్ళు మొదటి సగమే అమలు చేశారు.

పాతదాన్ని నెత్తిన పెట్టుకోవాలని నేను అనడం లేదు. ఆ పాపానికి జర్మనీలోని లిడ్ల్ సాక్ష్యం. కిరాణా గొలుసు దుకాణం. సరుకు నిల్వ విలువని కొన్న ధరలో లెక్కేసుకోవడం వాళ్ళ అలవాటు; తెచ్చుకున్న ఎస్ఏపీ సాఫ్ట్‌వేర్ అమ్మకపు ధరలో లెక్కేస్తుంది. మా అలవాటు మారదు, సాఫ్ట్‌వేరే మారాలి అని పట్టుబట్టారు. దాన్ని విప్పి కుట్టి, కుట్టి విప్పి, 2011లో మొదలెట్టింది 2018లో అటకెక్కించారు. పత్రికల్లో వచ్చిన ఖర్చు 50 కోట్ల యూరోలు. ఏ రూలు యూనియన్‌తో ఒప్పందమో, ఏది తాతగారి తిక్కో వేరు చెయ్యడమే అసలు పని. ఆ పని చేయడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఒక గది, నలుగురు పాతవాళ్ళు, నిజం చెప్తే ఉద్యోగం పోదనే భరోసా, అంతే. ఈ చివరిదానికే బడ్జెట్ దొరకదు.

దీనికి బదులు మన కంపెనీలు కేటీ, అంటే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, అనే తంతు పెడతాయి. రిటైరయ్యే పెద్దాయనకి చివరి రెండు వారాలు. రోజూ గంట వీడియో కాల్. అవతల ఆరుగురు మ్యూట్‌లో, కెమెరాలు ఆపుకుని. ముప్పై ఏళ్ళ సంగతి ఆయన చెప్తుంటాడు: "ఈ లైను ముట్టుకోకండి బాబూ, నెలాఖరు శనివారం పడితేనే ఇది పనికొస్తుంది." రికార్డింగ్ ఒక ఫోల్డర్లో భద్రపరుస్తారు. ఆ ఫోల్డర్‌కి పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో, నెలాఖరు శనివారం పడిన రోజు వెతుకుతారు. పెద్దాయన ఫోన్ నంబరు మాత్రం వెంటనే దొరుకుతుంది. ఆయన కన్సల్టెంట్‌గా తిరిగొస్తాడు, పాత జీతానికి మూడింతలు రోజుకూలీకి.

ఈ తంతులో మన తెలుగువాళ్ళ వాటా తక్కువేమీ కాదు. కోబాల్ పుట్టింది 1959లో. దాన్ని అమెరికా మర్చిపోవాలనుకునే వేళకి అమీర్‌పేట నేర్చుకుంది. 1998, 99ల్లో మైత్రీవనం గోడ మీద ఖాళీ జాగా ఉండేది కాదు. కోబాల్, జేసీఎల్, సీఐసీఎస్, డీబీ2, వీసా గ్యారంటీ. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్న పాత ప్రోగ్రాములు 2000 జనవరి ఒకటిన 1900కి వెళ్ళిపోతాయని లోకమంతా వణుకుతుంటే, మనవాళ్ళు వేలమంది విమానాలెక్కారు. నిజంగా బాగుచేసినవీ ఉన్నాయి. చాలాచోట్ల చేసిందేమిటంటే, ఫలానా అంకెకంటే తక్కువైతే 2000లు, ఎక్కువైతే 1900లు అనుకో అని ఒక లైను చేర్చడం. ఆ ఫలానా సంవత్సరం వచ్చేసరికి ఈ సిస్టమ్ ఉండదులే అనుకున్నారు. ఆ లైను రాసినాయన న్యూజెర్సీ ఎడిసన్‌లో ఇల్లు కొన్నాడు, అప్పు తీర్చేశాడు, రిటైరయ్యాడు. లైను ఇంకా పనిచేస్తోంది.

2020 ఏప్రిల్‌లో, ఉద్యోగాలు పోయిన లక్షలమంది భృతికి ఎగబడితే, అదే న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ టీవీ ముందుకొచ్చి, మా సిస్టమ్‌లు నలభై ఏళ్ళ పాతవి, కోబాల్ వచ్చినవాళ్ళు వాలంటీర్లుగా రండి అని పిలుపునిచ్చాడు. వాలంటీర్లుగా! కోబాల్ వచ్చినందుకు ఒకప్పుడు గంటకు డాలర్లు లెక్కపెట్టి తీసుకున్న పెద్దమనుషులు ఆ రాష్ట్రంలో గుళ్ళు కట్టించేంతమంది ఉన్నారు. నలభై ఏళ్ళు పైసా పెట్టకుండా, కాలువలో కాలు జారినప్పుడు మాత్రం సేవాభావం గుర్తొచ్చింది.

ఇప్పుడు కొత్త గారడీ వచ్చింది. కృత్రిమ మేధ కోబాల్‌ని జావాలోకి రాత్రికి రాత్రి మార్చేస్తుందట. మారుస్తుంది, నిజమే. వచ్చిన జావాని చూసినవాళ్ళు జోబాల్ అని ముద్దుగా పిలుచుకుంటున్నారు, వేషం జావాది, నడక కోబాల్‌ది. కోబాల్ చదవగలిగినవాడు ఒకప్పుడు ఒకడుండేవాడు. జోబాల్ చదవగలిగేవాడు ఎవడూ లేడు. నెలాఖరు శనివారం లైను ఎందుకుందో అమీర్‌పేటకీ తెలియదు, మోడల్‌కీ తెలియదు. తేడా ఏమిటంటే అమీర్‌పేట కుర్రాడు తెలియదని ఒప్పుకునేవాడు, కనీసం టీ దగ్గర.

మన ఆదాయపు పన్ను పోర్టల్ ముచ్చట ఎవరూ మర్చిపోలేదనుకుంటాను. 4,242 కోట్ల రూపాయల ప్రాజెక్టు, ఇన్ఫోసిస్ చేతికి. 2021 జూన్ 1 నుంచి 6 దాకా పాతదాన్ని మూసేశారు. 7న కొత్తది తెరిచారు. మర్నాడే ఆర్థికమంత్రి ట్విట్టర్‌లో అందరిముందు కంపెనీని అడగాల్సొచ్చింది. ఆగస్టు 21, 22 తేదీల్లో పోర్టల్ అసలు తెరుచుకోలేదు. 23న కంపెనీ అధిపతిని పిలిపించి వివరణ అడిగారు, సెప్టెంబర్ 15 గడువు పెట్టారు. ఆ మూడు నెలలూ చార్టర్డ్ అకౌంటెంట్లు రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచి, ఓటీపీ వస్తుందేమోనని చూసేవాళ్ళు. ఈ గొడవంతటికీ జవాబు ఒక్కటే ప్రశ్నలో ఉంది: పాతదాన్ని ఇంకో సీజన్ పక్కన నడిపితే ఎవరి సొమ్ము పోయేది? పాతది నడుస్తుంటే కొత్తదాన్ని ప్రారంభించినట్టు ఉండదు కదా, అదీ బాధ.

సవ్యంగా మార్చినవాళ్ళు లేరా? ఉన్నారు. మనకు దగ్గర్లోనే ఉన్నారు. రైల్వే రిజర్వేషన్ కంప్యూటర్ ఢిల్లీలో 1986 నాటికి పని మొదలెట్టింది. తర్వాత ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ ఎవరి కంప్యూటర్ వాళ్ళు పెట్టుకున్నారు. ఒకదానితో ఒకటి మాట్లాడేవి కావు. సికింద్రాబాద్‌లో నిలబడి ఢిల్లీలో ఎక్కే బండికి టికెట్ అడిగితే టెలిగ్రాం కొట్టి ఎదురుచూడాలి. రైల్వే సొంత సంస్థ క్రిస్ దీనికి కాన్సర్ట్ అనే కొత్త సాఫ్ట్‌వేర్ రాసింది. ఐదు నగరాల్లో ఒకేసారి శుక్రవారం మూసి ఆదివారం తెరవలేదు. 1994లో ముందు సికింద్రాబాద్ ఒక్కచోట పెట్టారు. నడిచాక ఇంకోచోట. 1999కి ఐదూ ఒక్కటయ్యాయి, ఏ కౌంటర్ నుంచైనా ఏ బండికైనా టికెట్. ఐదేళ్ళు పట్టింది. క్యూలో నిలబడి ఆ టికెట్లు కొన్నవాళ్ళలో కాన్సర్ట్ అనే పేరు విన్నవాళ్ళు నూటికి ఒకరుంటే గొప్ప. రాత్రి పదకొండూ ముప్పావుకి కాసేపు ఆన్‌లైన్ టికెట్లు ఆగిపోతాయని మాత్రం పిల్లలక్కూడా తెలుసు. చెప్పి మూస్తారు, చెప్పిన వేళకి తెరుస్తారు.

ఈ పద్ధతికి సాఫ్ట్‌వేర్ లోకంలో పేరు పెట్టినాయన మార్టిన్ ఫౌలర్. 2004లో రాశాడు. అడవిలో పెద్ద చెట్టు కొమ్మల మీద మర్రిజాతి మొక్క ఒకటి మొలిచి, వేళ్ళు కిందికి దించి, ఏళ్ళ తరబడి దాన్ని చుట్టుకుంటూ, చివరికి పాత చెట్టు పోయి తనొక్కటే నిలబడుతుంది. తాటిచెట్టు నెత్తిన రావి మొలవడం మనూళ్ళలో చూడనివాళ్ళు లేరు. సాఫ్ట్‌వేర్‌లో దీని అర్థం: పాతదాన్ని ఆపొద్దు. దాని ముందు ఒక గుమ్మం పెట్టు. ఒక చిన్న పని, చిరునామా మార్పు లాంటిది, కొత్తదానికి మళ్ళించు. రెండింటి లెక్కా రోజూ రాత్రి పోల్చు. పైసాతో సహా కలిసే దాకా పాతదాని మాటే చెల్లుతుంది. కలిశాక ఆ పని పాతదాని నుంచి తీసేయ్. తర్వాత ఇంకో పని. తరుగు లెక్క ఎక్కడ కలవకపోతే అక్కడే గుమాస్తాని పిలిచి అడుగుతావు, అప్పటికి ఆయన ఉద్యోగంలోనే ఉంటాడు. ఇంతకీ ఫౌలర్ ఆ చెట్లని చూసిందెక్కడో తెలుసా? క్వీన్స్‌లాండ్ అడవుల్లో. ఆయన రాసిన ఆరేళ్ళకి అదే రాష్ట్రం నర్సుల జీతాలు ఒక్క దెబ్బకి మార్చింది. అడవిలో ఉన్న జ్ఞానం బ్రిస్బేన్ సచివాలయం దాకా రావడానికి బస్సు లేకపోయింది.

ఇది ఎవరికీ ఎందుకు పట్టదంటే, ఇందులో రిబ్బన్ కత్తిరించే చోటు లేదు. ఏ రోజున కొబ్బరికాయ కొట్టాలి? చిరునామా మార్పు కొత్తదానికి వెళ్ళిన మంగళవారమా? దానికి చైర్మన్ వస్తాడా, పేపర్లో ఫోటో పడుతుందా? మూడేళ్ళకో కంపెనీ మారే ఐటీ అధిపతి ఏడేళ్ళ పని ఎందుకు మొదలెడతాడు? పైగా వెండర్ ఏమైపోవాలి? నాలుగొందల మందిని బిల్లింగ్‌లో చూపించాల్సినచోట పదిహేనుమంది నెమ్మదిగా పనిచేస్తుంటే ఆయన కాంట్రాక్టు కోరుకుంటాడా? ప్రాజెక్టు కూలితే అందరికీ పనే. రెస్క్యూ ప్రాజెక్టు, ఫేజ్-2, స్వతంత్ర సమీక్ష, ఆ సమీక్ష మీద ఇంకో సమీక్ష. సరిగ్గా నడిస్తే ఒక్క గుమాస్తాకి తప్ప ఎవరికీ లాభం లేదు.

టీఎస్‌బీ సంగతి పూర్తి చేయలేదు. 2025 జూలైలో సబాదెల్ దాన్ని 265 కోట్ల పౌండ్లకు సాంటాండర్‌కి అమ్మడానికి ఒప్పందం చేసుకుంది. కొన్నాక తమ బ్రిటన్ బ్యాంకులో కలిపేసుకుంటామని సాంటాండర్ చెప్పింది. కలుపుకోవడమంటే ఆ ఖాతాలన్నీ ఇంకో సిస్టమ్‌లోకి ఇంకోసారి ప్రయాణం కట్టడమే. ఖర్చు బాగా తగ్గుతుందట. 2015లో సబాదెల్ చెప్పిందీ ఆ మాటే. ఈసారి బోర్డు మీటింగులో ఎవరైనా చెయ్యెత్తి రెండో డేటా సెంటర్ టెస్ట్ చేశారా అని అడుగుతారేమో చూడాలి, అడిగినవాణ్ణి నెగటివ్ మనిషని తర్వాతి మీటింగుకు పిలవడం మానెయ్యకపోతే.